నిన్న సాయంత్రం ఫ్యాట్ ఎంత? – ఒక పాల కేంద్రం ప్రాజెక్టు డైరీ

జనవరి 6

ఎం.టెక్ ప్రాజెక్టుకి పాల కేంద్రాన్ని ఎంచుకున్నానంటే హాస్టల్లో అందరూ నవ్వారు. ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ చదివేవాళ్లు కార్ల ఫ్యాక్టరీకో మందుల కంపెనీకో పోతారుగానీ గేదెల దగ్గరికి పోతారా అని. అసలు కారణం వాళ్లకి చెప్పలేదు. ఆ ఊరు అద్దంకి దగ్గర మా అమ్మమ్మగారి ఊరు. తిండికీ ఉండడానికీ ఖర్చు లేదు.

ఊళ్లో పాలు పోసేవాళ్లు 63 మంది. కేంద్రం నడిపేది మాకు వరసకి బాబాయ్. ఏడాది కిందట డెయిరీ వాళ్లు పాత పద్ధతి తీసేసి మిషను, ఎలక్ట్రానిక్ కాటా, కంప్యూటరు పెట్టారు. పాలు పోయగానే ఎన్ని లీటర్లు, ఫ్యాట్ (వెన్న శాతం) ఎంత, డబ్బులెంత అన్నది రైతు ఫోనుకి మెసేజ్ పోతుంది. ఒక యాప్ కూడా ఉంది. డెయిరీ మేనేజరు గొడవల్లా ఒకటే: "ఇంత ఖర్చు పెట్టినా జనం నమ్మట్లేదమ్మా, ఇంకా పాలపుస్తకంలో రాసిమ్మంటున్నారు. ఎందుకో కనుక్కో."

నేను రాసుకున్న అంశం: పాల పరీక్షలో కొలత నాణ్యత, రైతులు టెక్నాలజీని వాడకంలోకి తెచ్చుకునే తీరు. గైడ్ సార్ చూసి, "రెండు ప్రాజెక్టుల్ని ఒకదాంట్లో ఇరికిస్తున్నావ్, ఏదో ఒకటి వదిలెయ్" అన్నారు. ఒక నెల టైమివ్వండి సార్ అన్నాను.

జనవరి 8

ఇవాళ ఉత్త చూడటమే. పొద్దున ఐదున్నరకి షట్టరు తీశారు. చలి. వరసలో ముందు మనుషులు లేరు, క్యాన్లూ చెంబులూ ఉన్నాయి. మనుషులు పక్కన టీ కొట్టు దగ్గర ఉన్నారు.

పని ఇలా సాగుతుంది. పాలు కాటా మీది గిన్నెలో పోస్తారు. బరువు కంప్యూటర్లోకి పోతుంది. కుర్రాడు ఒక చిన్న కప్పుతో పైనుంచి పాలు ముంచి మిషను గొట్టం కింద పెడతాడు. మిషను కాస్త పాలు పీల్చుకుంటుంది, 45 సెకన్లలో ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ చూపిస్తుంది. లోపల జరిగేది అల్ట్రాసౌండ్: పాలలోంచి శబ్ద తరంగం ఎంత వేగంగా పోతుందో చూసి, దాన్నిబట్టి వెన్న ఎంత, మిగతా ఘనపదార్థాలు ఎంత అని లెక్క కడుతుంది. స్క్రీన్ బాబాయ్ వైపు తిరిగి ఉంటుంది. బాబాయ్ అంకె పైకి చదువుతాడు. ఆ అంకె విని జనం మొహాలు మారే తీరు చూడాలి. పరీక్ష రిజల్టు రోజు మా కాలేజీ నోటీసు బోర్డు గుర్తొచ్చింది, కాకపోతే ఇక్కడ రిజల్టు రోజుకి రెండుసార్లు.

ఒక పిన్ని ఉంది, రెండు గేదెలు. రెండు గేదెల పిన్ని అనే రాసుకుంటాను. ఆవిడకి 5.9 వచ్చింది. "నిన్న పొద్దున 6.6, ఇవాళ 5.9. అదే గేదె, అదే తవుడు, అదే జొన్నచొప్ప. నా గేదె రాత్రికి రాత్రి మారిపోయిందా?" అంది. బాబాయ్ "మిషను చెప్పింది, నేను చెప్పలా" అన్నాడు. ఏడాదిగా ఈ మాట వినీ వినీ ఆవిడకి విసుగొచ్చినట్టుంది, మారు మాట్లాడకుండా చెంబు తీసుకుని వెళ్లిపోయింది.

నిజానికి ఒకే గేదె ఫ్యాట్ పూటపూటకీ మారుతుంది. రెండు పితుకుల మధ్య ఎడం తక్కువైతే పాలు తగ్గి వెన్న శాతం పెరుగుతుంది, అందుకే చాలా ఇళ్లల్లో సాయంత్రం పాలకి ఫ్యాట్ ఎక్కువ. దూడకి ఎంత వదిలారు, చివరి ధారలు పూర్తిగా పిండారా లేదా అన్నదాన్ని బట్టీ మారుతుంది. కానీ పొద్దునకీ పొద్దునకీ 0.7 తేడా అంతా గేదెదేనా?

జనవరి 10

కుతూహలం ఆగక, కలెక్షన్ అయ్యాక ఒక క్యాను పాలు బాగా తిరగేసి, అవే పాలు పదిసార్లు పెట్టించాను. వరసగా వచ్చినవి:

6.1, 6.4, 6.3, 5.8, 6.5, 6.2, 6.6, 6.0, 6.3, 6.4

అవే పాలు. అదే క్యాను. పది నిమిషాల్లో 5.8 నుంచి 6.6 దాకా.

బాబాయ్ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "డెయిరీ లెక్కకీ మన లెక్కకీ నెలాఖర్లో ఎప్పుడూ తేడా రాలేదే" అన్నాడు.

జనవరి 11

బాబాయ్ మాటే రాత్రంతా బుర్రలో తిరిగింది. పది అంకెల సగటు కడితే 6.26. ఆ క్యాను పాలే ఒక సీసాలో పోసి, ఐస్ డబ్బాలో పెట్టుకుని డెయిరీ వాళ్ల చిల్లింగ్ సెంటర్ (పాలు చల్లబరిచే చోటు) ల్యాబ్‌కి పట్టుకెళ్లాను, అక్కడ గెర్బర్ పద్ధతిలో (యాసిడ్ పోసి వెన్నని వేరుచేసి కొలిచే పాత పద్ధతి) 6.3 వచ్చింది. అంటే మిషను సగటు బంగారంలా ఉంది! తప్పంతా ఒక్కొక్క అంకెలో ఉంది.

డెయిరీకి కావలసింది మొత్తం ట్యాంకరు. 63 మందివి, నెల రోజులవి కలిస్తే ఎక్కువలూ తక్కువలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకే వాళ్ల దగ్గర ఫిర్యాదు లేదు. పిన్నికి కావలసింది ఈ పూట అంకె. లెక్క సులువు కోసం కిలో ఫ్యాట్ 800 రూపాయలు అనుకుంటే, 4 లీటర్ల పాల మీద 5.8కీ 6.6కీ మధ్య తేడా 26 రూపాయలు. ఎక్కువ వచ్చిన రోజు "మంచి గేదె" అనుకుంటుంది, తక్కువ వచ్చిన రోజు "మోసం" అనుకుంటుంది. రెండూ కొట్టేసుకోవు.

సార్‌కి ఫోన్ చేసి చెప్పాను. "సరే, రెండూ ఉంచు" అన్నారు.

జనవరి 14, 15, 16

సంక్రాంతి. ఎవరి పాలు వాళ్ల ఇంట్లోనే పొంగుతున్నాయి. కేంద్రానికి వచ్చినవి సగం కూడా లేవు. పని లేదు, అరిసెలు ఉన్నాయి.

జనవరి 20

చిల్లింగ్ సెంటర్ ల్యాబ్‌లో ఇవాళ గెర్బర్ నేనే చేశాను. చూసి నేర్చుకోవడం వేరు, చేత్తో చేయడం వేరు. ల్యాబ్‌లో ఉండే పెద్దాయన పక్కన నిలబడి ఒక్కొక్కటీ చెప్పారు. బ్యుటిరోమీటర్ అంటే మెడ దగ్గర గీతలున్న మందపాటి గాజు గొట్టం. అందులో ముందు 10 మి.లీ. సల్ఫ్యూరిక్ యాసిడ్. దాని మీద 10.75 మి.లీ. పాలు, గోడ వెంబడి మెల్లగా జారాలి, గబుక్కున పోస్తే మాడిపోతాయి. తర్వాత 1 మి.లీ. అమైల్ ఆల్కహాల్. రబ్బరు బిరడా బిగించి ఊపితే పాలు కాఫీ రంగులోకి తిరిగి గొట్టం చురుక్కున కాలింది. గుడ్డ చుట్టుకోమని ముందే చెప్పారు, నేనే వినలేదు. సెంట్రిఫ్యూజ్‌లో ఐదు నిమిషాలు, తర్వాత 65 డిగ్రీల నీళ్లలో కాసేపు. బయటికి తీసి చూస్తే మెడలో లేత పసుపు నూనె నిలువుగా నిలబడింది. కింది అంచుని గీత దగ్గరికి తెచ్చి, పై అంచు ఎక్కడుందో చూడటమే. యాసిడ్ అన్నిటినీ తినేసి వెన్నని మాత్రం వదిలేస్తుంది. నూట ముప్పై ఏళ్ల కిందటి స్విట్జర్లాండ్ పద్ధతి, ఇప్పటికీ పేచీ వస్తే తీర్పు చెప్పేది ఇదే.

పెద్దాయన ఒక మాటన్నారు: "ఆ రోజుల్లో ఊళ్లోనే ఇది చేసేవాళ్లం. జనం చుట్టూ మూగి చూసేవాళ్లు. ఆ పసుపు గీత వాళ్ల కళ్ల ముందే పైకొచ్చేది." రాసుకున్నాను. అప్పటికి దాని విలువ తెలియలేదు.

జనవరి 27

గేజ్ ఆర్ అండ్ ఆర్ పూర్తయింది. కొలతల్లో కనిపించే తేడాలో పాలదెంత, కొలిచే పద్ధతిదెంత అని విడదీసే పరీక్ష ఇది. పదిమంది ఇళ్ల పాలు పది సీసాలు, కొలిచేవాళ్లు ముగ్గురు (బాబాయ్, ఆయన కోడలు, కుర్రాడు), ఒక్కొక్కరూ రెండుసార్లు. మొత్తం 60 కొలతలు. ఎవరి సీసా ఏదో వాళ్లకి తెలియకుండా నంబర్లు కలిపేశాను. చివరికి వచ్చేసరికి సీసాల్లో మీగడ పైకి తేలుతుంటే ప్రతిసారీ మెల్లగా తిరగేసి కలపాల్సొచ్చింది.

ఫలితం: కొలిచే పద్ధతిది 40 శాతం. ఫ్యాక్టరీల్లో వాడే అలవాటు లెక్క ప్రకారం 10 లోపు మంచిది, 30 దాటితే ఆ కొలత పనికిరాదు. నేననుకున్నది ముగ్గురిలో ఒకరి చెయ్యి బాగాలేదని. కాదు. ముగ్గురూ సమానంగానే ఉన్నారు. తేడా అంతా ఒకే మనిషి ఒకే సీసాని రెండోసారి పెట్టినప్పుడు వస్తున్నది. అంటే మనుషుల్ని మార్చి లాభం లేదు. ఇది విని బాబాయ్ ఎంత తేలికపడ్డాడో. ఏడాదిగా ఊరంతా అనుమానించింది ఆయన్నే మరి.

ఫిబ్రవరి 3

పూటపూటకీ చివర్లో క్యాను పాలు రెండుసార్లు పెట్టి, రెండు అంకెల తేడాని గోడమీది గ్రాఫ్ కాగితం మీద చుక్క పెడుతున్నాం. పది రోజులు, ఇరవై చుక్కలు. తేడా సగటు 0.29. మామూలుగా వచ్చే తేడా ఇంతవరకే అని చెప్పే పై హద్దు కావాలంటే, రెండేసి కొలతలకి ఈ సగటుని 3.267తో గుణించాలి, కాబట్టి అది 0.95. చుక్కలన్నీ హద్దు లోపలే.

ఇలా హద్దు గీసి చుక్కలు పెట్టేదాన్ని కంట్రోల్ చార్టు అంటారు. అమెరికా ఇంజనీరు షూహార్ట్ 1924లో బెల్ కంపెనీ కోసం మొదటిది గీశాడు. అది చెప్పే సంగతి ఇదే: హద్దు లోపల ఉన్నాయంటే మంచిగా ఉందని కాదు, ఎప్పుడూ ఒకేలా ఉందని. మాది నిలకడగా చెడ్డగా ఉంది. ఏదో ఒక రోజు పాడై ఇలా రావట్లేదు, మనం రోజూ చేసే పద్ధతిలోనే ఉంది తప్పు. (తర్వాత ఇరవై మూడేళ్లకి మన స్టాటిస్టిక్స్ పెద్దాయన మహలనోబిస్ పిలిస్తే ఆయన మన దేశం వచ్చి క్వాలిటీ కంట్రోల్ గురించి ఊరూరా చెప్పి వెళ్లాడు. ఆ తిరుగుడులో పాల కేంద్రం చూశాడో లేదో.)

ఫిబ్రవరి 4 నుంచి 12

కారణాల వేట. కుదిరినంత కుదించి రాస్తాను.

నురగ. గేదె పాలు ఎత్తునుంచి పోస్తే నురగ కడతాయి. గాలి బుడగ లోపలికి పోతే శబ్దం దారి తప్పుతుంది, అంకె ఎటైనా పోతుంది. పోసిన వెంటనే పెట్టిన పాలకీ, రెండు నిమిషాలు కదపకుండా ఉంచి పెట్టిన పాలకీ పోల్చి చూస్తే, తడబాటులో సగానికి పైగా ఇక్కడే పోయింది. ఇంత చిన్నదా అనిపించింది.

పైనుంచి ముంచడం. దూరం నుంచి వచ్చేవాళ్ల చెంబులో మీగడ అప్పటికే పైకి చేరుతుంది. గరిటెతో కిందనుంచి పైకి కలపాలి. ఇది రైతుకి లాభించే తప్పు కాబట్టి దీని మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు!

ఆవు బటన్, గేదె బటన్. మిషనులో రెండిటికీ వేరే వేరే సెట్టింగులు. ఊళ్లో ఆవు పాలు పోసేది ఆరుగురే. రద్దీలో కుర్రాడు బటన్ మార్చడం మర్చిపోతాడు. ఆవు పాలవాళ్లని చివర్లో ఒకేసారి రమ్మన్నాం. అయిపోయింది, పైసా ఖర్చు లేదు.

కడగడం. మాన్యువల్లో ఉంది, జరగట్లేదు. ఇప్పుడు జరుగుతోంది.

ఫిబ్రవరి 15

రెండు నిమిషాలు ఆగాలంటే వరస ఎక్కడికి పోతుంది? 63 మంది, మనిషికి నిమిషంపావు చొప్పున ఇప్పటికే గంటా ఇరవై నిమిషాలు. ట్యాంకరు 7:45కి వస్తుంది. మనిషికి రెండు నిమిషాలు కలిపితే తొమ్మిది అవుతుంది.

నా ఆలోచన: కాటా మీద పోసే ముందే శాంపిల్ తీసి, నంబరు వేసిన మూడు కప్పుల్ని వరసలో పెట్టడం. ముందున్న రెండూ మిషనులో అయ్యేలోపు మూడోది తేరుకుంటుంది. ఆగే సమయం ఆ పనిలోనే కలిసిపోతుంది, వరస పొడవు పెరగదు. కాగితం మీద చాలా అందంగా ఉంది. చూసుకుని మురిసిపోయాను.

పొద్దున మొదలెట్టిన పావుగంటకే గొడవ. "నా కప్పు ఏది? ఆ కప్పు నాదేనని ఏంది నమ్మకం? ముగ్గురివీ అక్కడ పెట్టి ఎవరివి ఎవరికి రాస్తారో!" మునుపు మిషను మీద మాత్రమే అనుమానం. ఇప్పుడు కప్పుల మీద కూడా. ఏడున్నరకి ఆపేశాం.

ఫిబ్రవరి 16

సాయంత్రం రెండు గేదెల పిన్ని అరుగు మీద కూర్చుని చెప్పింది: "దానికంత ఆలోచనెందుకమ్మాయ్? ఎవరి కప్పు వాళ్ల చేతికివ్వు. వాళ్ల వంతు వచ్చినప్పుడు వాళ్లే తెచ్చి గొట్టం కింద పెడతారు."

అంతే. నిజంగా అంతే. ఎవరి పాలు వాళ్ల చేతిలో తేరుకుంటాయి. ఐదేళ్ల చదువులో ఈ మాట ఏ సెమిస్టర్లో ఉండాలో నాకు తెలియట్లేదు.

ఫిబ్రవరి 18

కప్పు చేతికిచ్చే పద్ధతి మొదలు. ఇద్దరు నురగ పోవాలని కప్పుని ఊదారు. వద్దని చెప్పాం. మిగతా అంతా బాగా నడిచింది. ట్యాంకరు వచ్చేసరికి ఐదు నిమిషాలు మిగిలింది.

ఫిబ్రవరి 22

పిన్ని ఇంకో సవాలు విసిరింది. పాలు వేలితో తాకి ఫ్యాట్ ఎక్కువో తక్కువో చెప్పేస్తానంది. నాకు వెంటనే స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త ఫిషర్ గుర్తొచ్చాడు. 1920ల్లో ఇంగ్లండ్‌లో ఒకావిడ, టీలో పాలు ముందు పోశారో తర్వాత పోశారో తాగి చెప్తానంటే, ఆయన ఎనిమిది కప్పులతో పరీక్ష పెట్టాడు: నాలుగు అలా, నాలుగు ఇలా. ఊరికే ఊహించి ఎనిమిదీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో ఒకటి. ఆ ఫిషరే తర్వాత మన సి.ఆర్. రావు గారికి కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ గైడ్.

ఎనిమిది గ్లాసులు పెట్టాను. నాలుగింట్లో 6.0 పాలు, నాలుగింట్లో 7.1 పాలు. గ్లాసుల అడుగున నంబర్లు. పిన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పాలు నలిపి, విడదీసి, జిగురు చూసి, నాలుగు పక్కకి తీసింది. వాటిలో మూడు సరైనవి. అంటే మొత్తం మీద ఒక జత తారుమారైంది. గుడ్డిగా ఊహించినా నాలుగింట్లో కనీసం మూడు తగిలే అవకాశం 70లో 17, కాబట్టి దీంతో ఏమీ తేలనట్టే. ఆ మాట చెప్పాను. "ఆ ఒక్కటీ నువ్వే గ్లాసు మార్చావ్" అంది. ఈ ఊళ్లో కొలతల వ్యవస్థలన్నిటికీ ఒకే సమస్య.

మార్చి 1

ఇంక ప్రాజెక్టు రెండో సగం: రైతులు టెక్నాలజీని వాడే తీరు. ఫ్రెడ్ డేవిస్ 1989లో చెప్పిన మోడల్ ప్రకారం, మనిషి ఒక టెక్నాలజీని వాడాలంటే రెండు అనిపించాలి: ఇది నాకు పనికొస్తుంది, ఇది వాడటం సులువు. 2003లో వెంకటేశ్, ఆయనతోటి వాళ్లు దీనికి చుట్టూ ఉన్నవాళ్ల ప్రభావం, అందుబాటులో ఉన్న సౌకర్యాలు లాంటివి చేర్చారు. నేను ఆ ప్రశ్నలన్నీ తెలుగు చేసి, ఐదు గళ్ల ప్రశ్నాపత్రం తయారుచేశాను. "పాల మెసేజ్ నా పనిని సులభతరం చేస్తుంది: పూర్తిగా ఏకీభవిస్తాను, ఏకీభవిస్తాను..." చదువుతుంటే నాకే నాలుక తిరగలేదు.

మార్చి 3

పన్నెండు మందిని అడిగాను. పన్నెండు మందీ అన్నిటికీ "బాగుందమ్మా" అన్నారు. ఒక తాత, "ఏది రాస్తే నీకు మార్కులొస్తాయో అది రాసుకో తల్లీ" అన్నాడు. ప్రశ్నాపత్రాలు కట్ట కట్టి అటక మీద పెట్టేశాను. ప్రేమ ఉన్నచోట ఐదు గళ్ల స్కేలు పనిచేయదు.

మార్చి 5

ఒకే ప్రశ్న పెట్టుకున్నాను: "నిన్న సాయంత్రం మీ ఫ్యాట్ ఎంత?" దీనికి మొహమాటం ఉండదు, తెలుసు లేదా తెలియదు. కంప్యూటర్లో ఉన్న అంకెతో సరిచూడొచ్చు.

40 మందిని అడిగాను. సరిగ్గా చెప్పింది 9 మంది. "ఎలా తెలిసింది?" అంటే ఆరుగురు "బాబాయ్ చదివాడుగా" అన్నారు. మెసేజ్ చూసింది ముగ్గురే. ఒకావిడ ఇంటి తలుపు వెనక సుద్దముక్కతో రాసిన అంకెల వరస చూపించింది, మూడు నెలలవి! ఆవిడ ఫోనుకి రోజూ రెండు మెసేజ్‌లు వస్తున్నాయని ఆవిడకి తెలియదు.

డెయిరీ రిపోర్టులో మాత్రం 63లో 58 మంది నమోదు, 92 శాతం. మేనేజరు దాన్ని వాడకం అంటున్నాడు.

మార్చి 9

58 నంబర్లకీ ఒక్కొక్కటికీ ఫోన్ చేశాను. రెండు రోజులు పట్టింది. పాలు పోసే మనిషి చేతిలోనే ఉన్న ఫోన్లు 21. భర్త ఫోన్లు 24, అవి పొలానికో టీ కొట్టుకో పోతాయి. ఊళ్లో లేని కొడుకులూ కూతుళ్లవి 9. పనిచేయనివి 4.

గేదెకి మేత వేసేది, పితికేది, చీకట్లో చెంబు మోసుకొచ్చేది ముప్పాతిక వంతు ఆడవాళ్లు. నమోదు రోజున ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ పట్టుకుని వెళ్లింది మగవాళ్లు. నంబరు వాళ్లది పడింది. డెయిరీ దృష్టిలో కస్టమరు ఆ నంబరు.

పిన్ని నంబరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకుది.

మార్చి 12

మెసేజ్ కూడా చూశాను. అంతా ఇంగ్లీషు పొడి అక్షరాలు: క్యూ 4.2, ఎఫ్ 6.3, ఎస్ 8.8. తెలుగులో పంపొచ్చు కదా అని అడిగితే ఐటీ అతను ఓపిగ్గా చెప్పాడు. ఇంగ్లీషు మెసేజ్‌కి 160 అక్షరాలు, తెలుగైతే 70 మాత్రమే, గుణింతాలు కూడా విడిగా లెక్క. దాటితే రెండు మెసేజ్‌ల ఖర్చు. పైగా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం కంపెనీలు పంపే మెసేజ్ నమూనా ముందే నమోదు చేయించాలి, మాట మారిస్తే మళ్లీ నమోదు. 63 మందికీ రోజుకి రెండు, అలాంటి ఊళ్లు ఎన్నో.

70 అక్షరాల్లో రాయడానికి కూర్చున్నాను. "పాలు 4.2 లీ. వెన్న 6.3 రూ.212" అంటే ముప్పై కూడా దాటలేదు. పంపించాను. చూస్తామన్నారు.

మార్చి 18

చేతిలో ఉన్న పని చేద్దామని రెండు మార్పులు. ఒకటి, మిషనుకి తగిలించే పెద్ద ఎర్రంకెల బోర్డు. కేంద్రంలో అటక మీద ఏడాదిగా పెట్టెలోనే ఉంది! దాన్ని జనం వైపు తిప్పి గోడకి బిగించాం. పెద్దాయన చెప్పిన పసుపు గీత అప్పుడు గుర్తొచ్చింది. రెండు, అనుమానం ఉంటే అడిగి రెండోసారి పెట్టించుకోవచ్చు.

బాబాయ్ రెండోదానికి ఒప్పుకోలేదు. "అందరూ రెండోసారి అంటే ట్యాంకరు ఏం కావాలి?" న్యాయమైన భయమే. వారం రోజులు చూద్దామన్నాను.

మార్చి 25

మొదటి రోజు రెండోసారి అడిగింది 14 మంది. రెండో రోజు 11. ఇవాళ 2. రెండోసారి పెట్టినా అంకె 0.1 కంటే కదలకపోతే ఇంక అడగడంలో సరదా ఏముంది?

ఇదే జనవరిలో మొదలుపెట్టి ఉంటే? 6.5 వచ్చినవాళ్లకి రెండోసారి 5.9 వచ్చేది, కేంద్రం తలుపులు ఊడేవి. కొలత బాగుపడ్డాకే బోర్డు తిప్పాలి. ఈ వరస తప్పితే రెండూ పోతాయి. సార్‌కి ఇదే రాసి పంపాను, రెండు ప్రాజెక్టుల్ని ఎందుకు విడదీయకూడదో.

ఏప్రిల్ 2

చార్టు కొత్త లెక్క. తేడా సగటు 0.09. పై హద్దు 0.29. ఫిబ్రవరిలో సగటుగా ఉన్న అంకె ఇప్పుడు హద్దు అయింది. గేజ్ ఆర్ అండ్ ఆర్ మళ్లీ చేస్తే 13 శాతం. పదిలోపుకి రాలేదు. ఈ మిషనుతో ఇంతకంటే రాదేమో.

ఏప్రిల్ 6

ఎండలు. రాత్రి కరెంటు మూడుసార్లు పోయింది. పొద్దున ఒక చుక్క 0.4 దగ్గర పడింది, హద్దు బయట. నేను టిఫిన్‌కి వెళ్లి వచ్చేసరికి బాబాయ్ మిషను విప్పి గొట్టం వేడినీళ్లతో కడుగుతున్నాడు. "పైకి పోయిందిగా" అన్నాడు చార్టు వైపు గడ్డం చూపిస్తూ. తర్వాతి చుక్క 0.1. నేను ఏమీ చెప్పలేదు. లోపల మాత్రం ఎగిరి గంతేశాను.

ఏప్రిల్ 10

నంబర్లు మార్చే పని పూర్తయింది. పాలు పోసే మనిషి చేతిలో ఉన్న ఫోన్లు 21 నుంచి 41కి పెరిగాయి. ఇద్దరు మగవాళ్లు ఒప్పుకోలేదు, డబ్బు లెక్క తమ ఫోనుకే రావాలన్నారు. ఒకాయన బాబాయ్ మీద కేకలేశాడు. మిగతావాళ్లకి అసలు పట్టలేదు.

మళ్లీ 40 మందిని అదే ప్రశ్న అడిగాను. నిన్న సాయంత్రం ఫ్యాట్ ఎంత? 31 మంది సరిగ్గా చెప్పారు. అయితే వాళ్లలో 22 మంది చూసింది ఎర్రంకెల బోర్డు. మెసేజ్ చూసి చెప్పినవాళ్లు 9 మందే. మేనేజరుకి ఇది నచ్చదు. యాప్ గురించి అడిగితే ఇంకా నచ్చదు, 63 మందిలో దాన్ని తెరిచేవాళ్లు నలుగురు.

ఏప్రిల్ 14

రాత్రి తొమ్మిదింటికి హైదరాబాద్ నుంచి ఫోను. పిన్ని కొడుకు. నా నంబరు బాబాయ్ దగ్గర తీసుకున్నాడట. "అక్కా, నాకు నాలుగు రోజుల నుంచి పాల మెసేజ్ రావట్లేదు" అన్నాడు. అమ్మ నంబరుకి మార్చాం, ఇప్పుడు ఆవిడకే వస్తుంది అని గొప్పగా చెప్పాను.

కాసేపు ఆగి, "అమ్మ ఒక్కతే ఉంటది కదక్కా. పొద్దున ఆరింటికి మెసేజ్ వస్తే లేచింది, బాగుంది అనుకునేవాణ్ని. సాయంత్రం ఇంకోటి. ఫ్యాట్ ఎంతో ఎప్పుడూ చూళ్లేదు" అన్నాడు.

ఏప్రిల్ 15

ఐటీ అతన్ని అడిగాను. ఒక రైతుకి ఒక నంబరే, సాఫ్ట్‌వేర్‌లో రెండో దానికి గడి లేదట.

పిన్నికి చెప్పాను. చెంబు తోముతూ విన్నది. "వాడికే పంపించు. నాకు బోర్డు కనిపిస్తది గదా" అంది.

పట్టికలో 41 కొట్టేసి 40 రాశాను. డెయిరీ లెక్కలో ఏమీ మారలేదు, 92 శాతమే.